గడియ ఏ జాబితాలోది?

మా నీలమ్మపేట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఒక నెలపాటు దేశంగా ఉండింది. దేశంగా ఉండటం ఎంత కష్టమో మాకు అప్పుడే తెలిసింది. అంతకు ముందు ఉత్త బడిగా ఉన్నప్పుడు చాక్‌పీసులు చాలేవి కావు, ఫ్యాన్లు తిరిగేవి కావు, గోడలు పెచ్చులూడేవి. అంతకు మించి మాకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఇదంతా ఎక్కడో ఒక పిల్లవాడు చెప్పిన జవాబుతో మొదలైంది. పైనుంచి తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారి ఒక బడిలో పదో తరగతి పిల్లల్ని లేపి, "మన సమాఖ్య వ్యవస్థలో అధికారం ఎవరికి ఎక్కువగా ఉండాలి? కేంద్రానికా, రాష్ట్రాలకా?" అని అడిగారట. ఒకడు చేతులు కట్టుకుని, "డ్రిల్లు మాస్టారికండి" అన్నాడట. వాడికి తెలిసిన ప్రపంచంలో వాడు అబద్ధమేమీ చెప్పలేదు. కానీ ఆ పెద్దాయన ఆ రాత్రి అన్నం ముట్టలేదని చెప్పుకున్నారు. నెల తిరగకుండా ఉత్తర్వు వచ్చింది.

"కేంద్ర రాష్ట్రముల అధికారములపై గల చర్చోపచర్చలను విద్యార్థులు ఇంతవరకు చదివి మరచుచున్నారు గావున, ఇకమీదట వానిని జీవించి నేర్వవలెను. ప్రతి పాఠశాలయు ఒక మాసము పాటు తనను తాను సమాఖ్యగా భావించుకొని తదనుగుణముగా ప్రవర్తింపవలెను. ఉత్తమ సమాఖ్యకు రాష్ట్రస్థాయి పురస్కారము కలదు."

నేను ఆ బడిలో సోషల్ టీచర్ని. ఈ పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టును కేంద్రం తరఫున, ఒక జట్టును రాష్ట్రాల తరఫున వాదించుకోమని వదిలేసేదాన్ని. గొంతులు పోయేలా అరుచుకునేవారు. మర్నాడు జట్లు మార్చేదాన్ని. నిన్న తాము కాదన్నదాన్నే ఇవాళ ఔననడానికి తంటాలు పడేవారు. పాఠం వాళ్లకు బాగానే వచ్చేది. అది పాతపద్ధతని, అందులో జీవించడం లేదని ఉత్తర్వు చదివాక తెలుసుకున్నాను.

మా హెడ్మాస్టరు కర్రోతు అప్పలనర్సయ్య గారు స్వతహాగా మంచి మనిషి. ఏడాదిలో రిటైరవుతారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయనకు దక్కిన బహుమతల్లా అంతకు ముందున్న హెడ్మాస్టరు మర్చిపోయి వెళ్లిన గొడుగు ఒక్కటే. ఉత్తర్వులో 'పురస్కారము' అన్న మాట దగ్గర ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. అప్పుడే నాకు భయం వేసింది.

మర్నాడు ప్రార్థన దగ్గర ఆయన ప్రకటన చేశారు. హెడ్మాస్టరు గది నేటినుంచి కేంద్రం. ఆరు నుంచి పది దాకా తరగతులన్నీ రాష్ట్రాలు. క్లాసు లీడర్లు ముఖ్యమంత్రులు. డ్రిల్లు మాస్టారు తిరుపతిరావు గారు రాష్ట్రాలన్నిటికీ గవర్నరు. సోషల్ చెబుతాను కాబట్టి నేను సుప్రీంకోర్టు. ఇక రాష్ట్రపతి, ప్రధానమంత్రి, పార్లమెంటు మూడూ ఆయనే.

"మూడూ మీరే అయితే ఎలాగండీ?" అని అడిగాను.

"సమన్వయ లోపం రాకుండా ఉండాలి కదమ్మా ఇందుమతీ" అన్నారాయన.

బెల్లు వేలాడే గోడ మీద మూడు జాబితాలు రాయించారు. కేంద్ర జాబితాలో గంట, గేటు, జెండా, మైకు, చాక్‌పీసులు, భద్రత. రాష్ట్ర జాబితాలో గది ఊడ్చుకోవడం, బోర్డు తుడుచుకోవడం, మంచినీళ్ల కుండ నింపుకోవడం. ఉమ్మడి జాబితాలో ఫ్యాన్లు, మరుగుదొడ్లు, కొట్లాటలు. కింద ఎర్రసుద్దతో 'పైవాటిలో లేని సమస్త అధికారములు కేంద్రమునకే చెందును' అని రాశారు. గోడంతా నిండిపోయింది. అంతకు ముందు అక్కడ మధ్యాహ్న భోజనంలో ఏ రోజు ఏ కూరో రాసి ఉండేది. దాన్ని చెరిపేశారు.

మొదటి వారం సరదాగానే గడిచింది. తరగతుల్లో ఉన్న చాక్‌పీసులన్నీ పన్నుగా వసూలు చేసి కేంద్రానికి తెచ్చి, జనాభాను బట్టి తిరిగి పంచారు. అల్లరి తగ్గించుకున్న రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా కొంత ఎక్కువన్నారు. ఆ లెక్కన బుద్ధిగా ఉండే తొమ్మిదో తరగతికి తగ్గించుకోవడానికి అల్లరే లేకపోయింది. వాళ్లకు ముక్కన్నర వచ్చింది. లెక్కల మాస్టారు ఆ ముక్కన్నరతో త్రికోణం గీయబోయి రెండు భుజాల దగ్గర ఆగిపోయి, మూడోది పిల్లల్ని ఊహించుకోమన్నారు.

శనివారం సాయంత్రం వాగ్వాద సభ. 'కేంద్రం బలంగా ఉండాలా? రాష్ట్రాలు బలంగా ఉండాలా?' అన్నది విషయం. ఏ వక్తా కేంద్రాన్ని గానీ రాష్ట్రాలను గానీ నొప్పించేలా మాట్లాడరాదని నిబంధన పెట్టారు. పదో తరగతి పిల్లవాడు లేచి, "కేంద్రం బలంగా ఉండాలి, రాష్ట్రాలు కూడా బలంగా ఉండాలి" అన్నాడు. ప్రత్యర్థి బల్ల చరిచి, "నా మిత్రుడి వాదనను తీవ్రంగా ఖండిస్తున్నాను. రాష్ట్రాలు బలంగా ఉండాలి, కేంద్రం కూడా బలంగా ఉండాలి" అన్నాడు. ఇద్దరికీ ప్రథమ బహుమతి ఇచ్చారు.

రెండో వారం సోమవారంనాడు ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు లోపలి గడియ విరిగింది.

మా బడిలో ఆడపిల్లలకు కాగితాల మీద రెండు మరుగుదొడ్లు ఉన్నాయి. ఒకదాంట్లో విరిగిన బెంచీలు కాపురం ఉంటాయి. మిగిలింది ఒక్కటే, అది ఎనిమిదో తరగతి గది వెనక ఉంది. ఐదు తరగతుల ఆడపిల్లలకూ అదే. గడియ లేకపోతే ఆ తలుపు గాలికి దానంతటదే తెరుచుకుంటుంది. దాని ఎదురుగానే మగపిల్లలు వాలీబాల్ ఆడతారు.

ఇంటర్వెల్లో ఎనిమిదో తరగతి ముఖ్యమంత్రి నా దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల పేరు ఢిల్లీశ్వరి. మా వైపు ఆ పేరు ఇంటికొకటి ఉంటుంది. రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న మనిషికి ఆ పేరేమిటని హెడ్మాస్టరు గారు మొదటిరోజు కాస్త ఇబ్బంది పడ్డారు కూడా. వాళ్ల నాన్న తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. బక్కపలచటి పిల్ల, మాట మాత్రం గట్టిది.

"మేడమ్, గెడ ఇరిగిపోనాదండి. పిల్లలు పొద్దున్నించి నీల్లు తాగట్నేదండి."

"నీళ్లెందుకు తాగట్లేదే?"

"తాగితే ఎల్లాల కదండీ."

తిన్నగా కేంద్రానికి వెళ్లాను. మామూలు రోజుల్లో అయితే అటెండరును బజారుకు పంపిస్తే టీ తాగి వచ్చేలోగా అయ్యే పని. హెడ్మాస్టరు గారు అటెండరును పిలవలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆనందించారు.

"ఎంత మంచి సమస్య వచ్చిందమ్మా! మరుగుదొడ్డి ఉమ్మడి జాబితా. కానీ గడియ ఎందుకు? భద్రతకు. భద్రత కేంద్ర జాబితా. తలుపు ఏ గడ్డ మీద ఉంది? ఎనిమిదో తరగతి గడ్డ మీద. వాడేది? అన్ని రాష్ట్రాల వాళ్లూ. అంటే ఇది అంతర్రాష్ట్ర వివాదం కూడా. ఒక్క గడియలో ఎన్ని ఉన్నాయో చూశారా! మన పిల్లలు అదృష్టవంతులమ్మా."

"పిల్లలు నీళ్లు తాగడం లేదండీ."

"ఆ కోణం కూడా చర్చకు పెడదాం" అన్నారు.

బుధవారం అంతర్రాష్ట్ర మండలి కూర్చుంది. ముఖ్యమంత్రులు ఐదుగురిలో నలుగురు మగపిల్లలు. ఏడో తరగతి వాడు, తమ రాష్ట్రంలో ఆడపిల్లలు తక్కువ కనుక ఖర్చులో వాటా తక్కువ ఉండాలన్నాడు. తొమ్మిదో తరగతి వాడు ముందు చాక్‌పీసుల సంగతి తేల్చమన్నాడు. పదో తరగతి వాడు తాము ఇంకొన్నాళ్లలో ఈ సమాఖ్య నుంచి వెళ్లిపోయేవాళ్లం కాబట్టి దీర్ఘకాలిక పెట్టుబడులు పెట్టలేమన్నాడు. ఇవన్నీ వాళ్లకు ఎక్కడివో నాకు తెలియదు, నేను మాత్రం నేర్పలేదు. ఢిల్లీశ్వరి లేచి, "గెడ ఎయ్యించండి సార్, సాలు" అంది. అది తీర్మానం రూపంలో లేదని తిరస్కరించారు.

చివరకు ఒక ఉపసంఘం వేశారు. దాని అధ్యక్షుడు గవర్నరు గారు. గవర్నరు గారికి ఇంకో బాధ్యత కూడా ఉంది. రోజూ పొద్దున్నే మరుగుదొడ్డి ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. తలుపు తెరిచి ఉంటే యాప్ ఒప్పుకోదు. అందుకని ఎవరో ఒక పిల్లను లోపలినుంచి తలుపు లాగి పట్టుకోమనేవారు. ఫోటోలో తలుపు చక్కగా మూసుకుని ఉండేది. 'మీ పాఠశాల మరుగుదొడ్డి సంతృప్తికరం' అని రోజూ జవాబు వచ్చేది. ఆ జవాబును ఉపసంఘం మొదటి సాక్ష్యంగా స్వీకరించింది.

శుక్రవారం ఆరో తరగతి లిఖిత బడికి రాలేదు. శనివారం వాళ్లమ్మ అప్పలకొండ వచ్చింది. ఇటుకబట్టీకి వెళ్తూ వెళ్తూ దారిలో ఆగింది.

"పిల్లకి జొరం మేడమ్. ఒంటికెల్తంటే మంటని ఏడుస్తాది. డాక్టరమ్మ, రోజల్లా నీల్లు తాగకండా ఉంటే ఇలగే అవుద్దని తిట్టింది నన్ను. నానేటి సేత్తాను? ఇంటికాడ తాగుతాది, బడికాడ తాగదు. అడిగితే గెడ నేదంటాది. ఏటమ్మా, మరుగుదొడ్డికి గెడ ఎయ్యడానికి ఎవులు రావాల?"

ఆ ప్రశ్న మీద అంతర్రాష్ట్ర మండలి ఇప్పటికే కూర్చుందని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ హెడ్మాస్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. లిఖిత సంగతి విని ఆయన నిజంగానే బాధపడ్డారు. ఆరో తరగతిని 'ప్రత్యేక హోదా గల రాష్ట్రము'గా ప్రకటించారు.

"హోదాతో ఏమొస్తుందండీ?"

"అది పరిశీలనలో ఉందమ్మా."

మండల కార్యాలయానికి ఫోను చేశాను. అవతలాయన నా మాట ఓపిగ్గా విని, "సమాఖ్య మాసము అమలులో ఉన్నంతకాలము పాఠశాలల అంతర్గత వ్యవహారములలో మేము తలదూర్చరాదమ్మా. అది సమాఖ్య స్ఫూర్తికి విరుద్ధము" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ కార్యాలయం మా వ్యవహారాల్లో తలదూర్చకుండా ఉన్నది అదే మొదటిసారి.

సోమవారం పొద్దున ఏం జరిగిందో నాకు మధ్యాహ్నం దాకా తెలియలేదు. ఆడపిల్లలు తలా కొంత వేసుకుని రోడ్డు మీద ఇనపసామాన్ల కొట్లో ఒక గడియ కొన్నారు. ఢిల్లీశ్వరి వాళ్ల నాన్న పెట్టెలోంచి స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి, ప్రార్థన గంట కొట్టేలోపల బిగించేసింది. ఎవరికీ చెప్పలేదు. ఊరేగింపు తియ్యలేదు. పిల్లలు ఒకళ్ల తరవాత ఒకళ్లు వెళ్లొచ్చారు, నీళ్లు తాగారు, మళ్లీ వెళ్లొచ్చారు. ఆ పూట ఆడపిల్లల మొహాల్లో ఏదో తేడా ఉందని నాకు అనిపించింది కానీ, నా పాఠం బాగుందేమో అనుకున్నాను.

వాళ్లను పట్టించింది మంచినీళ్ల కుండ. వారం రోజులుగా సాయంత్రం దాకా నిండుగా ఉంటున్న కుండ ఆ రోజు మధ్యాహ్నానికే ఖాళీ అయింది. గవర్నరు గారు నీళ్లకు వెళ్లి, గ్లాసు కుండ అడుగుకు తగిలి టంగుమంటే అనుమానపడ్డారు. వినియోగం ఎందుకు పెరిగిందని విచారించారు. వాలీబాల్ కోర్టు దాటి వెనక్కి వెళ్లి తలుపు లాగారు. తెరుచుకోలేదు. లోపలినుంచి ఎవరో, "ఉన్నామండీ!" అని అరిచారు. ఆయన అదిరిపడ్డారు.

గంటలోపల నివేదిక తయారైంది. "ఎనిమిదవ తరగతి రాష్ట్రము, కేంద్ర జాబితాలోని భద్రతా విషయమునందు చొరబడి, అనుమతి లేని గడియను ఏకపక్షముగా నెలకొల్పినది. ఉపసంఘము పరిశీలనలో ఉన్న అంశమును పరిష్కరించివైచి ఉపసంఘమును అవమానించినది. కావున సదరు రాష్ట్రమున రాజ్యాంగ యంత్రాంగము కుప్పకూలినదని భావించుచున్నాను." తిరుపతిరావు గారు ఇంత భాష రాయగలరని నేను కలలో కూడా అనుకోలేదు. విజిల్ ఊదడం తప్ప ఆయన నోటివెంట మాట విన్నది తక్కువ.

ఆ మధ్యాహ్నమే మైకులో ప్రకటించారు. ఎనిమిదో తరగతిలో రాష్ట్రపతి పాలన. ముఖ్యమంత్రి ఢిల్లీశ్వరి ప్రభుత్వం బర్తరఫ్. అటెండరు గడియను విప్పదీసి, గుడ్డలో చుట్టి, కేంద్రం బీరువాలో సాక్ష్యంగా పెట్టి తాళం వేశాడు. స్క్రూలు కూడా విడిగా ఒక కవరులో పెట్టారు. ఆ తలుపు దగ్గర ఎవరూ మళ్లీ ఇలాంటి దుస్సాహసానికి ఒడిగట్టకుండా గవర్నరు గారు పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి తనిఖీ చేసేటట్టు ఏర్పాటైంది.

ఢిల్లీశ్వరి ఏడవలేదు. సుప్రీంకోర్టుకు వచ్చింది.

స్టాఫ్ రూములో విచారణ పెట్టాను. ఒకపక్క ఢిల్లీశ్వరి, ఇంకోపక్క కేంద్రం. కేంద్రం తన వాదన తానే వినిపించింది. "గడియ మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. బిగించే అధికారం ఎవరిదన్నదే ప్రశ్న. ఇవాళ గడియ బిగించిన రాష్ట్రం రేపు గంట కొట్టదని ఏమిటి నమ్మకం?"

"నువ్వేమంటావు?" అని ఢిల్లీశ్వరిని అడిగాను.

"ఎవులు బిగిస్తే ఏటండీ? కేంద్రం బిగించినా మాకు ఇష్టవేనండి. ఎవులో ఒకలు బిగించాల గదా. మీరు బిగించరు, మమ్మల్ని బిగించనివ్వరు. మరి మేం ఏటి సేస్తావండీ?"

నేను తీర్పు చెప్పాను. గడియ తక్షణం బిగించాలి, ఢిల్లీశ్వరి ప్రభుత్వాన్ని తిరిగి నిలబెట్టాలి. మా బడి చరిత్రలో అంత స్పష్టమైన వాక్యం ఎవరూ చెప్పి ఉండరు. హెడ్మాస్టరు గారు లేచి నిలబడి చేతులు జోడించారు.

"తీర్పును శిరసావహిస్తున్నాం. అమలు విషయం పరిశీలిస్తాం."

"పరిశీలించడానికేముందండీ? బీరువా తాళం తియ్యండి!" గట్టిగా అరిచేశాను. పక్క గదిలో ఎక్కాలు చదివే పిల్లలు ఆగిపోయారు.

"ఏటమ్మా మీరు కూడానూ!" ఆయన తన భాష మర్చిపోయి అసలు భాషలో పడ్డారు. గొంతు తగ్గించి నా దగ్గరికొచ్చారు. "ఇంకో పదిరోజులు ఓపిక పట్టలేరా? పురస్కారానికి పరిశీలకులొస్తన్నారు. గెడ ఎట్టీస్తే ఆలకి సూపించడానికి మనకాడ ఏటి మిగుల్తాది? వివాదవే గదా మన పాఠం!"

నేను ఒక గడియ కొని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్లాను. తలుపు దగ్గర గవర్నరు గారు విజిల్ ఊదారు. న్యాయవ్యవస్థ కార్యనిర్వాహక పరిధిలో జొరబడుతున్నదని మర్నాడు నాకు మెమో ఇచ్చారు.

పరిశీలకులు వచ్చిన రోజు బడంతా రంగుకాగితాలు. ఆయన పేరు పరాంకుశం గారు. సిల్కు లాల్చీ, భుజాన సంచి, నోరు విప్పితే పుస్తకమే. జాబితాలున్న గోడ ముందు నిలబడి, "అమోఘం! రాజ్యాంగం ఇచట ఊపిరి పీల్చుచున్నది!" అన్నారు. మైదానంలో షామియానా కింద సభ. పదో తరగతి పిల్లలు మళ్లీ కేంద్రమూ బలంగా ఉండాలి, రాష్ట్రాలూ బలంగా ఉండాలి అని పోట్లాడుకున్నారు. రాష్ట్రపతి పాలన సంగతి విన్నాక పరాంకుశం గారి ఆనందానికి హద్దు లేకపోయింది.

"బర్తరఫ్ అయిన ముఖ్యమంత్రినొకసారి చూడవలె. ఆమె అంతరంగమును ఆలకింపవలె. ఎక్కడున్నది?"

ఢిల్లీశ్వరి షామియానా కింద లేదు. అసలు ఆడపిల్లల వరసల్లో సగం ఖాళీగా ఉన్నాయి. హెడ్మాస్టరు గారి మొహం పాలిపోయింది. వెతుక్కుంటూ అందరం ఎనిమిదో తరగతి గది వెనక్కి వెళ్లాం.

అక్కడ ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అన్ని తరగతుల వాళ్లూ ఉన్నారు. ఎవరూ తోసుకోవడం లేదు. అందరికన్నా ముందు ఢిల్లీశ్వరి. మరుగుదొడ్డి తలుపుకు వీపు ఆనించి, మడమలు నేలకు తన్నిపెట్టి, రెండు చేతులూ చెరోపక్క గుమ్మాన్ని పట్టుకుని నిలబడి ఉంది. గాలికి తలుపు కొద్దిగా కదిలినప్పుడల్లా వీపుతో వెనక్కి నెడుతోంది.

"ఏం చేయుచున్నావమ్మా ఇచట?" అన్నారు పరాంకుశం గారు.

ఆ పిల్ల మా అందరినీ ఒకసారి చూసింది. తలుపు వదలకుండానే, "నేనే గెడనండి సార్" అంది.

వరసలోంచి ఒక పిల్ల వివరించింది. గడియ తీసేసినప్పటి నుంచి రోజూ వంతులు వేసుకున్నారట. సోమవారం పదో తరగతి, మంగళవారం తొమ్మిది, అలా. ఎనిమిదో తరగతి వంతు వచ్చినప్పుడు రోజంతా ఢిల్లీశ్వరే ఉంటుందట. ముఖ్యమంత్రి పదవి పోయినా ఆ పని మాత్రం ఆమెను ఎవరూ మానమనలేదు.

ఇప్పుడైనా ఈయన చీవాట్లు పెడతాడు, బీరువా తాళం తీయిస్తాడు అనుకున్నాను. హెడ్మాస్టరు గారు కూడా అదే అనుకున్నట్టున్నారు, జేబులో బీరువా తాళంచెవి తడుముకున్నారు. పరాంకుశం గారు ఆ వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. తరవాత కళ్లు తుడుచుకున్నారు.

"సహకార సమాఖ్య!" అన్నారు. "నా జీవితమున పుస్తకములయందే చూచితిని. రాష్ట్రములు కేంద్రము సహాయము నాశింపక, పరస్పరము చేయూతనిచ్చుకొని... ఆహా! అమ్మాయీ, అట్లే ఉండు, కదలకుము." సంచిలోంచి ఫోను తీసి ఫోటో తీసుకున్నారు. ఇంకాస్త పక్కకు జరిగి ఇంకొకటి తీసుకున్నారు. తలుపు బాగా మూసి ఉండటం వల్ల ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

అందరూ మళ్లీ షామియానా కిందికి వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. కాసేపటికి మైకు గరగరలాడింది. రాష్ట్రస్థాయి ఉత్తమ సమాఖ్య పురస్కారం నీలమ్మపేటకే అని ప్రకటించారు. చప్పట్లు. హెడ్మాస్టరు గారు మళ్లీ మళ్లీ ధన్యవాదాలు చెప్పడం మైకులో వినిపించింది. సహకార సమాఖ్యకు ప్రతీకగా నిలిచిన కుమారి ఢిల్లీశ్వరి వేదిక మీదికి వచ్చి ప్రశంసాపత్రం అందుకోవాలన్నారు.

"ఎల్లలేను మేడమ్, లోన లిఖిత ఉంది" అంది ఢిల్లీశ్వరి.

"నువ్వెళ్లవే, నేను పట్టుకుంటాను" అన్నాను. సుప్రీంకోర్టు వీపు తలుపుకు ఆనించింది. చెక్క చల్లగా, గరుగ్గా ఉంది. లిఖిత బయటికొచ్చింది, జ్వరానికి చిక్కిపోయిన మొహంతో నన్ను చూసి సిగ్గుపడి పారిపోయింది.

రెండోసారి పిలిచారు. ఢిల్లీశ్వరి షామియానా వైపు చూసింది. తలుపు వైపు చూసింది. ఆ పిల్ల పొద్దున్నించి ఇక్కడే నిలబడి ఉందన్న సంగతి, లోపలికి వెళ్లే వంతు తనకే రాలేదన్న సంగతి అప్పుడు నాకు తట్టింది. ఢిల్లీశ్వరి గబుక్కున లోపలికి వెళ్లిపోయింది. నేను తలుపు మూసి, వీపు ఆనించి, గట్టిగా పట్టుకున్నాను.

మైకులో పరాంకుశం గారి ముగింపు ఉపన్యాసం సాగుతోంది. ఇంత గొప్ప అనుభవం నీలమ్మపేట పిల్లలకే పరిమితం కారాదన్నారు. వచ్చే నెల మొదటి తేదీ నుంచి రాష్ట్రంలోని ప్రతి పాఠశాలలోనూ బాలికల మరుగుదొడ్ల లోపలి గడియలు తొలగించి, సహకార సమాఖ్య స్ఫూర్తిని పెంపొందించవలసిందిగా తాను సిఫార్సు చేస్తున్నానన్నారు. చప్పట్లు మోగాయి. మా హెడ్మాస్టరు గారు అందరికన్నా ఎక్కువసేపు కొట్టినట్టున్నారు. ఢిల్లీశ్వరిని మూడోసారి పిలిచారు.

గాలి విసురుగా వచ్చి తలుపును కదిపింది. కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాను.

"మేడమ్, ఉన్నారాండీ?" లోపలినుంచి చిన్న గొంతు.

"ఉన్నానమ్మా" అన్నాను. "నిదానంగా రా."